సంతకం పెడితే చాలన్నారు: బడి కమిటీ ఛైర్‌పర్సన్‌గా నా ఏడాదిన్నర

2024 ఆగస్టు 8, గురువారం. ఆ రోజు నేను బడికి వెళ్లింది మా చిన్నోడు మర్చిపోయిన నీళ్ల సీసా ఇచ్చిరావడానికి. తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నరయింది. అప్పటికి నేను మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి ఛైర్‌పర్సన్‌ని. సీసా మాత్రం నా చేతిలోనే ఉండిపోయింది.

మాది పల్నాడులో సత్తెనపల్లి వైపు ఒక పల్లె. నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా ఆయన ట్రాక్టర్ డ్రైవరు. మా పాప అప్పుడు ఐదో తరగతి, బాబు రెండు. బడిలో మొత్తం 47 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు. కమిటీలో ఏముంటుందో, ఏముండదో నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మన రాష్ట్రంలో ఈ కమిటీల గడువు రెండేళ్లు, ఆ తర్వాత మళ్లీ ఎన్నికలొస్తాయి. కొత్తగా నిలబడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ఓటర్ల జాబితా ఆగస్టు 1నే బడి గోడకు అంటించారు. ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. ఆ తప్పు తర్వాత బ్యాంకులో నన్ను ఎంత తిప్పిందో చెబుతాను. ఎన్నికంటే పెట్టె, చీటీలు ఉంటాయనుకున్నాను. అవేమీ లేవు. ఒక్కో తరగతి గదిలో ఆ తరగతి పిల్లల అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, చేతులెత్తించి, ముగ్గురిని ఎన్నుకుంటారు. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లే ఉండాలి. ఐదు తరగతులకు 15 మంది. అయితే తరగతికి కనీసం సగం మంది రావాలి, లేకపోతే ఎన్నిక జరగదు. పత్తిలో కలుపు తీసే రోజులు కదా, మూడో తరగతికి నలుగురే వచ్చారు. పెద్ద మాస్టారు ఒక పిల్లాణ్ణి సైకిలిచ్చి పొలాలకు తోలారు. ఒకామె కొడవలి చేత్తో పట్టుకునే వచ్చి, చెయ్యెత్తి, అటునుంచి అటే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఛైర్మన్ ఎన్నిక. మా ఊళ్లో రెండు వర్గాలు. ఒకళ్లు చెప్పిన పేరు ఇంకొకళ్లకు గిట్టదు. ఛైర్మన్, వైస్ ఛైర్మన్లలో ఒకరైనా ఆడమనిషి ఉండాలని మాస్టారు నిబంధన చదివారు. అందరూ నా వైపు చూశారు. రెండు వర్గాల ఆడవాళ్ల జాకెట్లూ నేనే కుడతాను, అంతకుమించి నాకున్న అర్హత ఏమీ లేదు. "ఏం లేదమ్మా, నెలకోసారి సంతకం పెడితే చాలు" అన్నారు మాస్టారు. రెండింటికి ప్రమాణం, రెండున్నరకు మొదటి సమావేశం, టీ, రెండు బిస్కెట్లు, రిజిస్టర్లో నాలుగు చోట్ల సంతకం. సాయంత్రానికి ఊరంతా మా ఆయన్ని "ఏం ఛైర్మన్ గారూ" అని పలకరించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆయన్నే అంటారు.

తర్వాత పని బ్యాంకు. కమిటీ ఖాతాలో పాత ఛైర్మన్ పేరు తీసి నా పేరు పెట్టాలి. ఆగస్టు 20న మొదలుపెడితే అక్టోబరు 9కి తెమిలింది. తీర్మానం నకలు, ఆధార్, పాన్ కార్డు, మూడు ఫొటోలు కావాలన్నారు. నాకు పాన్ కార్డు లేదు. అది చేయించుకుని వెళ్తే, తీర్మానంలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని వెనక్కి పంపారు. గోడ మీద జాబితాలో పడిన తప్పే తీర్మానంలోకి ఎక్కింది. మాస్టారు సవరణ తీర్మానం రాసి, 15 మందితో మళ్లీ సంతకాలు పెట్టించేసరికి రెండు వారాలు పోయాయి. పాన్‌కు, ఫొటోలకు, జిరాక్సులకు, నాలుగుసార్లు ఆటోకు కలిపి నా చేతి నుంచి 610 రూపాయలు అయ్యాయి. ఇది ఎవరూ తిరిగివ్వరు, అడిగే పద్దు కూడా లేదు. జాబితా గోడకెక్కిన రోజే మీ పేరు చూసుకోండి.

ఖాతాలో పేరు ఎక్కింది కదా, ఇక డబ్బులు నా చేతి మీదుగా పోతాయని ఊరు అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ కొంచెం అనుకున్నా. నవంబరు 19న బడి మోటారు కాలిపోయాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మోటారు కాలితే మరుగుదొడ్లకు నీళ్లు లేవు. ఎవరు బాగు చెయ్యాలి? బడి పేరు మండల పరిషత్‌ది. టీచర్ల జీతాలు రాష్ట్రానివి. ఏటా వచ్చే గ్రాంటు సమగ్ర శిక్ష పథకానిది, అందులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. కుళాయి లైను పంచాయతీది. మోటారు ఎవరిది? పంచాయతీకి వెళ్తే "బడి లోపలిది మాది కాదు" అన్నారు. మండలంలో "గ్రాంటులో చేసుకోండి" అన్నారు. గ్రాంటు సంగతి మాస్టారిని అడిగితే, అప్పుడు నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు ఉంటుంది. 30 మంది దాకా ఉంటే ఏడాదికి 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు. మా 47 మందికి 25 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, సున్నం, రిపేర్లు అన్నీ అందులోనే. సరే, ఆ 25 వేలు ఏవి? "డబ్బు రాదమ్మా, లిమిట్ వస్తుంది" అన్నారు. అంటే మన ఖాతాలో రూపాయి ఉండదు. ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని ఆన్‌లైన్లో ఒక అంకె పడుతుంది. బిల్లు పెడితే దుకాణం వాళ్ల ఖాతాకు నేరుగా డబ్బు వెళ్తుంది. మార్చి 31 దాటితే మిగిలిన అంకె మాయం. నవంబరులో మా అంకె సున్నా.

వైండింగ్‌కు, బుష్‌కు కలిపి మెకానిక్ 3,400 అడిగాడు. చేతికి డబ్బిస్తేనే మోటారు విప్పుతానన్నాడు. బిల్లు పుస్తకం అతని దగ్గర లేదు. చివరికి మాస్టారు రెండు వేలు, వార్డు మెంబరు 900, నేను 500 వేసి డిసెంబరు 30న మోటారు తిప్పించాం. మొత్తం 41 రోజులు. ఆ 41 రోజులూ ఐదో తరగతి ఆడపిల్లలు ఇంటర్వెల్‌కు పక్కనే ఉన్న మా ఇంటికొచ్చేవాళ్లు. నా మిషన్ పక్కనుంచే దొడ్లోకి దారి, ఒక్కోరోజు ఎనిమిది మంది వరసగా నిలబడేవాళ్లు. జనవరి ఆఖరులో సగం లిమిట్ పడింది, 12,500. వైరు, బుష్ కొన్న దుకాణం బిల్లు రెండు వేలకు మాత్రమే పాసయింది. కూలి 1,400కు కాగితం లేదు కాబట్టి అది పోయినట్టే. వచ్చిన రెండు వేలు మాస్టారికే ఇవ్వమని నేనే అన్నాను. వార్డు మెంబరు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు.

ఆ మధ్యలో, డిసెంబరు 7న, రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. బాపట్లకు ముఖ్యమంత్రి వచ్చిన రోజే. మా బడికీ మామిడాకులు కట్టారు, తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాట. పంచాయతీ నుంచి నీళ్ల ట్యాంకరు అడగకుండానే వచ్చింది! మోటారు కాలి అప్పటికి 18 రోజులు.

ముగ్గుల కంటే నాకు గుర్తుండిపోయింది ప్రోగ్రెస్ కార్డు. మావాడికి లెక్కల్లో 'ఎ' గ్రేడు వచ్చింది. నాకు సంతోషంగానే ఉంది. రాత్రి అన్నం తిన్నాక, జాకెట్ గుడ్డ కొలత వేసుకుంటూ, మాటవరసకు "52లోంచి 17 తీస్తే ఎంతరా?" అన్నాను. పలక మీద వేసి తెచ్చాడు: 45. ఎలా వచ్చిందో చెప్పమంటే, "7లోంచి 2 తీస్తే 5, 5లోంచి 1 తీస్తే 4" అన్నాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యడమే, పైనుందా కిందుందా అని చూడలేదు. మూడు లెక్కలిచ్చాను, మూడూ అలాగే. మా పాపను పిలిచి అడిగితే, "వాళ్ల క్లాసు మా గదిలోనే కదమ్మా, టీచరమ్మ మాకు చెప్పేటప్పుడు వాళ్లు చూసిరాత రాసుకుంటారు" అంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులకు చెబితే ఇంతే. టీచరమ్మను తప్పుపట్టలేను. ఒక రోజు గుమ్మంలో నిలబడి చూశాను. ఒక చేత్తో ఒకటో తరగతి వాళ్లకు దిద్దిస్తూ, ఇంకో చెవితో ఐదో తరగతి పాఠం వింటోంది. మధ్యలో ఫోన్లో భోజనం ఫొటో ఎక్కించాలి.

భోజనం గురించి ఒక్క మాట. వారానికోసారైనా వడ్డించకముందు రుచి చూడమన్నారు, నేను మంగళవారాలు వెళ్లేదాన్ని. వండేది మాకు వరసకు పిన్ని. సాంబారు పలచగా ఉందని అంటే, "బిల్లు మూడు నెలల నుంచి రాలేదే, పప్పు అప్పు మీద తెస్తున్నా" అంది. అప్పట్లో, 2024 డిసెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా, కేంద్రం లెక్కలో ప్రాథమిక బడి పిల్లకు రోజుకు 6 రూపాయల 19 పైసలు. పిన్ని గౌరవ వేతనం నెలకు మూడు వేలు. ఆ తర్వాత సాంబారు గురించి మాట్లాడ్డం మానేశాను. గుడ్లు మాత్రం లెక్కపెట్టేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. రుచి చూడ్డానికి వెళ్తే మాస్టారు రిజిస్టర్ తెరిచి ముందుకు జరిపారు. "ఇక్కడొక సంతకం పెట్టమ్మా, ఎంఈఓ గారు సాయంత్రంలోపు పంపమన్నారు." ఎంఈఓ అంటే మండల విద్యాధికారి. అప్పటికి నాకు అలవాటైపోయింది. సెప్టెంబరులోనూ, నవంబరులోనూ సమావేశం పూర్తిగా జరక్కుండానే సంతకాలు పెట్టాను, ఒకసారైతే పైన తెల్ల కాగితమే. ఈసారి మాత్రం పైన రాసే ఉంది. చేతికి నూనె అంటుకుంది, కొంగుకు తుడుచుకుంటూ ఊరికే చదివాను. మా బడిలోని 3, 4, 5 తరగతులను పక్క ఊరి ఆదర్శ ప్రాథమిక పాఠశాలలో కలుపుటకు కమిటీ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది, అని ఉంది. కమిటీ ఎప్పుడు కూర్చుంది? ఎవరు ఆమోదించారు? నాకే తెలియదు.

మాస్టారు చెడ్డమనిషి కాదు. మోటారుకు ముందు డబ్బు తీసింది ఆయనే. పైనుంచి నమూనా వచ్చింది, ఆయన దించారు, అంతే. నేను సంతకం పెట్టలేదు. చేతులు వణికాయి, అది దాచుకోవడానికి రిజిస్టర్ మూసి ఒళ్లో పెట్టుకున్నాను. "ఊరివాళ్లను పిలిచి అడుగుదాం మాస్టారూ, శనివారం దాకా ఆగండి" అన్నాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, సరేనమ్మా అన్నారు.

మర్నాడు పొద్దున చిన్నోణ్ణి వెంటబెట్టుకుని పక్క ఊరి బడికి నడిచాను. ఫోన్లో చూస్తే కిలోమీటరున్నర లోపే. పెద్దవాళ్లకు పావుగంట. వాడి నడకతో 27 నిమిషాలు పట్టింది. కాలువ కట్ట మీద ఒక పక్క రెయిలింగు లేదు. తర్వాత పెద్ద రోడ్డు దాటాలి. సిమెంటు లారీలు పోతుంటే వాడు నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకున్నాడు. అవతలి బడికి వెళ్లి చూస్తే ఐదు గదులు, గోడలకు బొమ్మలు, బల్లలు, నీళ్లొచ్చే కుళాయి. మావాడు బల్ల మీద కూర్చుని దిగనన్నాడు. ఒప్పుకోవాలని ఉందో, వద్దనాలని ఉందో నాకే తేలలేదు.

ఫిబ్రవరి 15, శనివారం సాయంత్రం ఐదింటికి 31 కుటుంబాలు వచ్చాయి. ఎన్నిక రోజున కూడా ఇంతమంది రాలేదు. ఎంఈఓ గారు కూడా వచ్చారు, ఓపిగ్గానే చెప్పారు. 60 మంది పిల్లలు ఒకచోట ఉంటే తరగతికొక టీచరును ఇస్తారు, ఇక్కడలా ఇద్దరు ఐదు తరగతులు లాగక్కర్లేదు, దూరమైతే రవాణా భత్యం ఉంటుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 52లోంచి 17 తీయడం రాని పిల్లాడు నా ఇంట్లోనే ఉన్నాడు. కానీ ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధనల్లోనే ఉంది కదా అని ఒక కుర్రాడు లేచి అడిగాడు. భత్యం ఏ నెలలో వస్తుంది, మా పిన్ని బిల్లులా వస్తుందా అని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు, ఎంఈఓ గారు కూడా. "ఒకటి, రెండు తరగతులే మిగిలితే రెండేళ్లకు ఈ బడికి తాళమే" అని ఒక ముసలాయన అన్నాక ఇక ఎవరూ నవ్వలేదు. మా బడికి స్థలం ఇచ్చింది ఆ ముసలాయన నాన్నే.

చేతులెత్తమన్నారు. వద్దని 22, సరేనని 6, ఎటూ ఎత్తనివాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఛైర్‌పర్సన్‌ని కదా, ఎత్తకూడదేమో అనుకున్నానని తర్వాత అందరికీ చెప్పాను. అసలు కారణం ఆ బల్ల. పాత పేజీ కొట్టేసి, "మెజారిటీ తల్లిదండ్రులు అంగీకరించలేదు" అని కొత్త తీర్మానం రాశాం. నేను చెబుతుంటే టీచరమ్మ రాసింది. దాని కింద పెట్టిన సంతకం ఒక్కటే ఈ ఏడాదిన్నరలో నాకు పూర్తిగా తెలిసి పెట్టినది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. జూన్ 12న బడులు తెరిచారు. ఐదో తరగతి వాళ్లు హైస్కూలుకు వెళ్లాక కొత్తవాళ్లతో కలిపి 44 మంది ఉండాలి. మేం లెక్కపెడితే 36. చెయ్యెత్తి వద్దన్న 22 కుటుంబాల్లోనే ఐదు కుటుంబాలు తమ పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఎక్కించాయి. ఆ వ్యాను వెళ్లేది కూడా కాలువ కట్ట మీదుగానే. ఒకామెను అడిగితే, "మన బడి ఉండాలి గదా వదినా, అందుకే వద్దన్నా" అంది. నాకు కోపం రాలేదు. ఏమనాలో తెలియలేదు. మా పాప కూడా ఆరో తరగతికి ఇప్పుడు ఆ పెద్ద రోడ్డే దాటి వెళ్తోంది, ఇంకో నలుగురితో కలిసి సైకిలు మీద.

ఆ నెలలోనే, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. పిల్లకు 15 వేలు అన్నారు, 13 వేలు పడ్డాయి. మిగతా రెండు వేలు బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని ముందే ప్రకటించారు. మా ఊళ్లో అది ఎలా అర్థమైందంటే, ఆ రెండు వేలు ఛైర్మన్ దగ్గర ఉన్నాయట. వారం రోజులు నా మిషన్ దగ్గరికొచ్చి అడిగారు. పాసుబుక్కు గుమ్మానికి మేకు కొట్టి వేలాడదీశాను. ఎవరైనా చూసుకోవచ్చు, నిల్వ సున్నా. నాలుగు రోజులకు వాన చినుకులు పడి అది తడిసింది, తీసి లోపల పెట్టాను. ఇంకెవరూ అడగలేదు.

వేసవి బదిలీల్లో టీచరమ్మ వెళ్లిపోయింది. జూన్ నుంచి అక్టోబరు దాకా మాస్టారు ఒక్కరే. మీటింగులకు ఆయన మండలానికి వెళ్లిన రోజున పక్క ఊరి నుంచి ఎవరినో సర్దేవాళ్లు. సర్దకపోతే నేను వెళ్లి కూర్చునేదాన్ని, ఎక్కాలు చెప్పించేదాన్ని. ఆ రోజుల్లో ఫిబ్రవరి 15 సాయంత్రం చాలాసార్లు గుర్తొచ్చింది. నేను చెయ్యెత్తి ఉంటే ఇంకొందరు ఎత్తేవాళ్లేమో. మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు అని పేపర్లో వస్తే, అందులో మాకొక్కటి చాలు అనుకునేదాన్ని. వచ్చింది. అక్టోబరు మూడో వారంలో ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి చేరింది. మొదటి వారంలోనే పిల్లలతో చీపురుపుల్లలు విరిపించి పదేసి కట్టలు కట్టించింది. నా దగ్గర దారం ఉండలు అడిగి తీసుకెళ్లింది.

డిసెంబరు 5న మళ్లీ మెగా మీటింగ్. కార్డులో మావాడికి ఈసారి లెక్కల్లో 'బి' గ్రేడు. ఇంటికొచ్చాక పాత లెక్కే ఇచ్చాను. పలక తీసుకోలేదు. ఐదు కట్టలు, రెండు పుల్లలు నేల మీద పెట్టుకుని, ఒక కట్ట దారం పళ్లతో తెంపి విప్పాడు. మెల్లగా, పెదాలు కదుపుతూ 17 పుల్లలు పక్కకు తీశాడు. "35" అన్నాడు.

ఆ నెల సమావేశం రిజిస్టర్ నేనే రాశాను. మాస్టారు చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది, సంతకం పెట్టారు.